బొట్టు పెట్టిన ఫోన్

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. పదకొండేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్‌ని. రోజూ మనుషుల తలకాయల లోపల చూస్తుంటాను, అక్కడ కూడా ఒక్క దయ్యం కనిపించలేదు. అయినా పోయిన దసరా నాడు జరిగింది చెప్పకుండా ఉండలేను.

మా దగ్గర అర్జంటు కేసులకని ఒక ఫోన్ ఉంది. స్కాన్‌లో ప్రమాదం కనిపిస్తే, తెర మీది బొమ్మను దాంతో ఫొటో తీసి ఎల్బీనగర్‌లోని సర్జన్‌గారికి పంపుతాం. పేషెంట్ చేరేలోగా ఆయన ఆపరేషన్‌కు అంతా సిద్ధం చేయిస్తారు.

దసరా పొద్దున ఆయుధపూజ చేశాం. మా ఆయా లక్ష్మమ్మ ఆ ఫోన్‌ను కూడా స్విచాఫ్ చేసి, రిసెప్షన్‌లో పీట మీద బోర్లా పెట్టి, బంతిపూలు వేసింది. ఆమె పెట్టిన కుంకుమ బొట్టు సగం కెమెరా మీదే పడింది.

"సాయంత్రం దాంక ఎవ్వలు ముట్టొద్దు. దానికి గూడ పండుగే" అని పక్కనే కూర్చుంది.

పదకొండింటికి యాదమ్మను తెచ్చారు. కొత్తపేటలో సీతాఫలాలు అమ్ముతుంటే బైక్ గుద్దిందట. స్పృహ లేదు. ఆమె భర్త చేతులు జోడించాడు. "మేడం, జర జల్ది చూడుండ్రి. పొద్దుగాల మంచిగనే మాట్లాడింది."

స్కాన్ తీసి తెర చూశాను. మెదడు పక్కన రక్తం గడ్డ కట్టింది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే మనిషి దక్కదు. నా ఫోన్ నుంచి సర్జన్‌గారికి నాలుగుసార్లు చేశాను, కలవలేదు. యాదమ్మను అంబులెన్స్ ఎక్కించమని చెప్పి, ఫొటో పంపడానికి రిసెప్షన్‌కు పరుగెత్తాను. నా ఫోన్‌తోనే తీసి పంపొచ్చన్న ఆలోచన కూడా రాలేదు చూడండి, అంత కంగారు!

లక్ష్మమ్మ వద్దంటున్నా పూలు పక్కకు తోసి అర్జంటు ఫోన్ చేతిలోకి తీసుకున్నానో లేదో, నా ఫోన్ మోగింది. సర్జన్‌గారు.

"ఫొటోలు చూశానమ్మా. పండక్కి ఊరెళ్తూ అబ్దుల్లాపూర్‌మెట్ దాకా వచ్చేశాను. కారు తిప్పేశాను, థియేటర్ సిద్ధం చేస్తున్నారు, పంపించెయ్యండి. అవునూ, ఫొటోల మీద ఆ ఎర్ర మరకేంటి?"

నా చేతిలో ఫోన్ ఇంకా స్విచాఫ్‌లోనే ఉంది. బొట్టు చెదరలేదు.

తర్వాత ఆయన ఫోన్‌లో చూశాను. మూడు ఫొటోలు, మా అర్జంటు నంబర్ నుంచే వచ్చాయి. తెర మీద యాదమ్మ పేరుంది. ఒక పక్కంతా ఎర్రటి మసక. ఆ వేళ ఆ తెర ముందు నేనొక్కదాన్నే ఉన్నాను. లక్ష్మమ్మ పీట దగ్గర్నుంచి లేవనేలేదని, స్కాన్ అయ్యేదాకా రిసెప్షన్‌లోనే ఉన్న యాదమ్మ భర్త కూడా చెప్పాడు.

యాదమ్మ బతికింది! సీజన్ అయిపోకముందే బుట్టెడు సీతాఫలాలతో వచ్చి, నాకు రెండిచ్చి, మిగిలినవన్నీ ఆ ఫోన్ ముందు పెట్టి దండం పెట్టింది. కడుపుబ్బ నవ్వాను, కళ్లనీళ్లూ ఆగలేదు.

అదెలా జరిగిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టదు. లక్ష్మమ్మకు మాత్రం ఏ పరేషానూ లేదు.

"వచ్చే దసరాకు బొట్టు జర పక్కకు పెడ్త తియ్" అంది సీతాఫలం తింటూ. "సారుకు సాఫ్ కనబడాలె గద!"