పాలేసి తాగిన పొడి

2022 వానాకాలం. అప్పుడు నేను నెల్లూరులో ఒక పెద్దాసుపత్రి ప్రసూతి విభాగంలో రీసెర్చ్ నర్సుని. వార్డులో ఇంజెక్షన్లు చేసే పని కాదు నాది. ఒక పరిశోధనలో చేరిన గర్భిణుల వెంటపడి, మందు తాగుతున్నారా, స్కాన్‌కి వస్తున్నారా అని చూసుకోవడం. నాయుడుపేటలో టైలరింగ్ చేసే మా నాన్నకి, అదే మా అబ్బాకి, ఇది ఉద్యోగంలా కనిపించేదే కాదు. ‘‘ఊళ్లోవాళ్ల కోడళ్లకి ఫోన్లు చేసేదానికి జీతం గూడా ఇస్తారా!’’ అని ఎగతాళి చేసేవారు.

కొందరు బిడ్డలు కడుపులో పెరగాల్సినంత పెరగరు. దీన్ని డాక్టర్లు ఫీటల్ గ్రోత్ రిస్ట్రిక్షన్ అంటారు. తల్లి సరిగా తినలేదని ఇంటిల్లిపాదీ ఆమెనే ఆడిపోసుకుంటారు గానీ, చాలాసార్లు లోపం మాయలో, అంటే ప్లాసెంటాలో ఉంటుంది. తల్లి రక్తం మాయదాకా సరిగా చేరక బిడ్డకి పోషణ అందదు. ఆర్జినిన్ అని ఒక అమైనో ఆమ్లం ఉంది. మనం తినే వేరుశనగల్లో, పప్పుల్లో, చేపల్లో ఉండేదే. దాన్నుంచి శరీరం తయారు చేసుకునే నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాల్ని వదులు చేస్తుంది. మరి దాన్నే పొడిగా ఇస్తే మాయకి రక్తం పెరిగి బిడ్డ పుంజుకుంటుందా? మా పరిశోధన అడిగే ప్రశ్న అదే. సగం మందికి అసలు పొడి, సగం మందికి అదే రంగు, అదే చేదు ఉన్న ఉత్తుత్తి పొడి. ఈ ఉత్తుత్తి పొడినే ప్లాసిబో అంటారు. ఎవరికి ఏది వెళ్లిందో తాగే తల్లికీ తెలియదు, ఇచ్చే నాకూ తెలియదు, పరిశోధన నడిపే మా డాక్టరమ్మకీ తెలియదు. పొట్లం మీద ఒక కోడ్ నంబరు మాత్రం ఉంటుంది.

ఈ సంగతంతా విడమరచి చెప్పినా వెనక్కి తగ్గకుండా చేరింది కావేరి. కోట అనే ఊరి వైపు, సముద్రం ఒడ్డున ఒక పల్లె ఆమెది. భర్త పడవ మీద వేటకెళ్తాడు. తొలి కాన్పులో బిడ్డ పెరగక, నెలలు నిండకముందే కడుపులోనే పోయింది. ఇప్పుడు రెండోసారి కూడా స్కాన్‌లో బిడ్డ పొట్ట చుట్టుకొలత తక్కువగానే వచ్చింది. ‘‘మందైతే ఇయ్యండి, ఉత్తదైతే ఉత్తదే ఇయ్యండి. నన్ను మాత్రం వదలబాకండక్కా’’ అంది. ఆమె ఆశంతా పొడి మీదకంటే స్కాన్ మీదే ఉందని నాకు అప్పుడే అర్థమైంది. బిడ్డ గుండె కొట్టుకోవడం వినాలి, అంతే.

పొడి ఒట్టి చేదు. నీళ్లలో తాగితే కొందరు కక్కేసేవారు. అందుకని, ‘‘కాసిని పాలేసి తాగు’’ అని అందరికీ చెప్పినట్టే కావేరికీ చెప్పాను. వారం వారం ఫోన్ చేసేదాన్ని.

‘‘పొడి పాలేసి తాగుతున్నావా?’’

‘‘పాలేసే తాగతన్నామక్కా. ఒక్క పూట గూడా తప్పలా.’’

‘తాగతన్నాము’ అనేసరికి, తనతోపాటు కడుపులో బిడ్డని కూడా కలిపి చెబుతోందనుకుని మురిసిపోయాను. స్కాన్‌కి వచ్చినప్పుడు ఖాళీ పొట్లాలు తెచ్చి ఇచ్చేది. ఒక్కటీ తక్కువ ఉండేది కాదు. మా డాక్టరమ్మకి ఆమెని ఆదర్శంగా చూపించి గొప్పలు పోయాను కూడా.

పొట్లాలు సరిపోతున్నాయి గానీ బిడ్డ మాత్రం పెరగడం లేదు. అసలు పొడి పడినా పెరగని బిడ్డలు ఉంటారు, మాకది వింత కాదు. అయినా ఒకసారి ఇంటికెళ్లి చూసి రమ్మన్నారు డాక్టరమ్మ.

పొద్దున్నే వెళ్లాను. గుడిసె ముందు కావేరి గొంతుకూర్చుని ఉంది. ఆమె పక్కనే, ఆమెకంటే పెద్ద కడుపుతో ఇంకో మనిషి. తోడికోడలు మల్లిక. నన్ను చూసి కావేరి మొహం వెలిగిపోయింది. ‘‘సరిగ్గా తాగే పొద్దుకే వచ్చినావే అక్కా’’ అంటూ పొట్లం చించింది. పొడిని కాగితం మీద పోసి, వేలితో నడిమికి గీత గీసింది. ఒక సగం ఒక గ్లాసులో, ఇంకో సగం ఇంకో గ్లాసులో వేసి నీళ్లు పోసింది. ఒకటి తను తీసుకుని, రెండోది మల్లిక చేతికిచ్చింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ‘‘ఇదేంటి కావేరీ! పాలేసి తాగుతున్నానని ఇన్నాళ్లూ అబద్ధం చెప్పావా?’’

ఆమె తెల్లబోయింది. ‘‘అబద్ధమేందక్కా? ఇప్పుడు నీ ఎదరే గదా పాలేసినా!’’

వాళ్ల పల్లెలో ఒడ్డుకొచ్చిన చేపల్ని భాగాలు చేసి పంచుకోవడాన్ని ‘పాలేయడం’ అంటారట. నేను పాలు అంటే ఆవు పాలనుకున్నాను. ఆమె వాటాలనుకుంది.

‘‘ఈ అక్క గూడా కడుపుతో ఉంది గదా, ఈమె చూస్తా ఉంటే నేనొక్కదాన్నే ఎట్టా తాగేదా అని ఆ పొద్దు ఒకటే దిగులు. నువ్వే పాలేసి తాగమంటివి. ఎంత మంచి సిస్టరో అనుకున్నాం’’ అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరిశోధనలో లేని గర్భిణి మా పొడి తాగింది. పరిశోధనలో ఉన్న గర్భిణి సగమే తాగింది. రెండూ పైవాళ్లకి చెప్పి తీరాల్సినవే. ఆ మాట అనేసరికి కావేరి మొహంలో నెత్తురుచుక్క లేదు. ‘‘అయితే స్కాన్ ఆపేస్తారా అక్కా?’’ అని మాత్రం అడిగింది. మల్లిక తన గ్లాసు ఎత్తి కావేరి గ్లాసులోకి వంపేసింది.

డాక్టరమ్మకి ఫోన్‌లోనే అంతా చెప్పాను. నాకు చీవాట్లు తప్పవనుకున్నాను గానీ, ఆవిడ కాసేపు ఆగకుండా నవ్వారు. ఆ తర్వాత, ‘‘ఉన్నది ఉన్నట్టు రాయి షాహినా. ఆమెని తీసేసేది లేదు. ఏ గుంపులో వేశామో ఆ గుంపులోనే లెక్క. మనుషులు మందు ఎట్లా తాగుతారన్నది కూడా ఫలితంలో భాగమే. ఆ తోడికోడల్ని కూడా తీసుకురా, ఒకసారి చూద్దాం’’ అన్నారు. చూస్తే, మల్లిక కడుపులో బిడ్డ చక్కగా పెరుగుతోంది. పొడి వల్ల ఆమెకి ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ తర్వాత కావేరి పొట్లం మొత్తం తనే తాగింది, అచ్చంగా ఆవు పాలలోనే. అయినా కొన్ని వారాలకి డాప్లర్‌లో, అంటే రక్తం ఎట్లా ప్రవహిస్తుందో చూపించే స్కాన్‌లో, బొడ్డుతాడులో రక్తం పారడం బాగా తగ్గినట్టు తేలింది. ఇక ఆగితే తొలి కాన్పులాగే అవుతుందని ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. నా అరచేతిలో ఇమిడేంత వీపు. ఏడుపు పిల్లికూన అరిచినట్టుంది. గాజుపెట్టెలో పెట్టారు. ఆ బిడ్డకి తల్లి పాలే మందు. కావేరికేమో చుక్క కూడా పడలేదు. పంపు పెట్టినా రాలేదు. ‘‘దీన్ని గూడా పోగొట్టుకుంటానా అక్కా’’ అని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు వార్డు గుమ్మంలో మల్లిక నిలబడి ఉంది. అప్పటికి ఆమె కూడా కనేసింది. పచ్చి బాలింత, తలకి గుడ్డ, చెవుల్లో దూది. వెనకాలే వాళ్లత్త మనవణ్ణి ఎత్తుకుని, ‘‘గాలి సోకతాదే, వద్దంటే ఇన్లా ఇదీ’’ అని తిడుతూనే వచ్చింది. డాక్టరమ్మ రక్త పరీక్షలు చేయించి, అన్నీ సరిగా ఉన్నాయన్నాక ఒప్పుకున్నారు. కావేరికి పాలు పడేదాకా మల్లిక వార్డులోనే ఉండిపోయింది. తన బిడ్డకి ఒక రొమ్ము ఇచ్చి, రెండోదాని పాలు స్టీలు గిన్నెలోకి పిండేది. ఆ పాలు గొట్టం గుండా చుక్క చుక్కగా లోపలి బిడ్డ పొట్టలోకి వెళ్లేవి. నేను గుడ్లప్పగించి చూస్తుంటే, ‘‘ఏంది సిస్టరమ్మా అట్టా చూస్తావు? పాలే గదా!’’ అంది. ఏ పాలో ఈసారి నేను అడగలేదు.

పరిశోధన ముగిసి కోడ్లు తెరిచాక, ఎవరికి ఏ పొడి వెళ్లిందో తెలిసింది. ఒక్క కావేరిని చూసి ఆర్జినిన్ పనిచేస్తుందనీ చేయదనీ చెప్పలేం. అది మొత్తం లెక్కల్లో తేలాల్సిన సంగతి. నేను నేర్చుకున్నది చాలా చిన్నది. మనం అడిగిన మాటకి నిజాయితీగా జవాబు వచ్చినంత మాత్రాన, అడిగింది వాళ్లకి అందినట్టు కాదు. ఇప్పుడు ఏ తల్లినీ ‘తాగుతున్నావా’ అని ఊరికే అడగను. ‘ఎట్లా తాగుతున్నావో చేసి చూపించు’ అంటాను.

కోడ్ సంగతి నేనే వెళ్లి కావేరికి చెప్పాను. వాకిట్లో కావేరి కూతురూ మల్లిక కొడుకూ ఒకే చెప్పు కోసం కొట్లాడుకుంటున్నారు. సన్నగా ఉన్నా, పిల్లదే పైచెయ్యి.

‘‘నీకొచ్చింది ఉత్తుత్తి పొడే కావేరీ. అందులో మందేమీ లేదు’’ అన్నాను.

ఆమె, చేపలు ఆరబోస్తున్న మల్లిక వైపు చూసి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

‘‘అయితే అన్నాళ్లూ అక్కకి నేను ఉత్తదే పాలేసినానా! ఆమె మాత్రం నా బిడ్డకి నిజం పాలే పోసిందే.’’