బూడిద పొర కింద జాడీ

మా అత్తగారింట్లో ఆవకాయ బావమరిదికి జాడీలో ఇస్తారు, నాకు ప్లాస్టిక్ డబ్బాలో. నేను జాడీలు పగలగొట్టే మనిషినట. పెళ్లయిన మొదటి వేసవిలో, ఇబ్రహీంపట్నంలోని వాళ్లింట్లో, చాప కోసం సామాన్ల గదిలోకి వెళ్లాను. ఏదో గిన్నె మూత కిందపడి మోగింది. ఆ సాయంత్రమే పెద్ద జాడీ కనబడటం లేదని తేలింది. "పోనీలెండి, కొత్తల్లుడు," అన్నారు అత్తగారు. ఆ "పోనీలెండి" నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

మొన్న వేసవిలో వాళ్ల పెరట్లో నీళ్ల సంపు కోసం గొయ్యి తవ్విస్తుంటే నడుం లోతున పెంకులు బయటపడ్డాయి. ఒకదాని మీద అత్తగారు గుర్తుకోసం గోళ్లరంగుతో పెట్టుకున్న ఎర్ర చుక్క.

"పాతిపెట్టేశారా బావా!" అన్నాడు బావమరిది.

పని ఆపించి గోతిలోకి దిగాను. పురావస్తు శాస్త్రం పుస్తకాలు సరదాగా చదువుతాను. ఎవరూ కదపనంతవరకు కింది పొర పాతది, పై పొర కొత్తది అన్నది అందులో మొదటి పాఠం. గోతి గోడలో పైన ఎర్ర కంకర, మధ్యలో థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద, అడుగున నల్లమట్టి. పెంకులు నల్లమట్టిలో ఉన్నాయి.

"అత్తయ్యగారూ, ఈ బూడిద ఎప్పుడు పోయించారు?"

"మీ పెళ్లికేనండీ. పందిరి వేద్దామంటే పెరడంతా బురద. మీ మావగారు లారీలతో తోలించారు."

"అంటే జాడీ నేను అల్లుణ్ణి కాకముందే పగిలింది."

"తర్వాత గొయ్యి తీసి పాతారేమో," అన్నాడు బావమరిది.

"అలాగైతే బూడిద పొర తెగి నల్లమట్టిలో కలిసేది. చూడు, గీత గీసినట్టుంది."

"కార్బన్ డేటింగ్ చేయించరాదూ?"

"అది ఒకప్పుడు ప్రాణమున్నవాటికి. కర్రకో, ఎముకకో. జాడీకి కాదు."

"మామిడి టెంక ఉంటుందేమో వెతకండి."

"ఉన్నా లాభం లేదు. అది వేల ఏళ్ల నాటి వాటికి. మీ అమ్మగారి ఆవకాయ అన్నాళ్లు నిలవ ఉండదు."

అత్తగారి మొహం మాడింది. అయినా ఆలోచించారు. పెళ్లికి ముందు ఆ పెరట్లో ఆడుకునేది ఎవరు? కొడుకు వైపు చూశారు. అతను ఆకాశం వైపు చూశాడు.

"బంతి తగిలిందే అమ్మా. బురదలో తొక్కేశా."

నేను గోతిలోనే నిలబడి క్షమాపణ కోసం ఎదురుచూశాను.

"అయ్యో నాన్నా, చెయ్యేం తెగలేదు కదా?" అంటూ ఆవిడ, జుట్టు నెరిసిన కొడుకు అరచెయ్యి తిప్పి చూశారు. "పోతే పోయిందిలే. జాడీయేగా!"

జాడీయేగా! నేరం నా మీద ఉన్నన్నాళ్లూ అది వాళ్ల అమ్మమ్మగారి నాటి అపురూపమైన జాడీ.

నాకూ జాడీలో ఆవకాయ ఇస్తామంటేగానీ పైకి రానని చెప్పాను. టీ గోతిలోకే అందించారు. కూలీలు గట్టు మీద కూర్చుని నన్ను చూస్తూ వాళ్ల టీ తాగారు. చివరికి అత్తగారు ఒప్పుకున్నారు.

తిరిగి వచ్చే రోజు జాడీ నిజంగానే వచ్చింది, తువ్వాలు చుట్టి, మూతికి గుడ్డ కట్టి. దాన్ని మా ఆవిడ చేతిలో పెట్టి అత్తగారు మెల్లగా అన్నారు: "నువ్వే పట్టుకోవే. ఆయన చేతికివ్వకు."

విజయవాడ దాకా బస్సులో మా ఆవిడ ఒళ్లో జాడీ, నా ఒళ్లో ఎర్ర చుక్క పెంకు.