ఖాళీబుట్ట మావయ్య

గాలం పట్టిన ప్రతివాడూ కోతలు కోస్తాడు. జానెడు చేప పడితే మూరెడంటాడు, చేతులు చాపి కొలతలు కూడా చూపిస్తాడు. మా మావయ్య కోతలు మాత్రం తిరగేసి ఉండేవి. ప్రతి ఆదివారం పొద్దున్నే గాలం, బుట్ట పట్టుకుని ఏటి వంపు దగ్గరికి వెళ్లేవాడు. ఎండెక్కాక ఖాళీ బుట్టతో తిరిగొచ్చేవాడు. ఎవరు అడిగినా ఒకటే జవాబు.

“చేపలా? అక్కడెక్కడివండీ! కప్పలున్నాయి.”

ఊరు ఆయనకి ఖాళీబుట్ట అని పేరు పెట్టేసింది. ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. దుకాణానికి బోర్డున్నా అందరూ “ఖాళీబుట్ట గారి షాపు” అనే దారి చెప్పేవాళ్లు. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు, పైగా “అదేనండీ, రండి” అనేవాడు.

మా అత్తయ్య కాపురానికొచ్చిన కొత్తలో ఆదివారం పూట పొయ్యి మీద బాణలి పెట్టి ఎదురుచూసేదట. తర్వాత తర్వాత మావయ్య గేటు తీసిన చప్పుడు వినగానే బంగాళదుంపలు తరగడం మొదలుపెట్టేది.

“ఏవండీ, చేపల్లేని చోటికే ఇన్నేళ్లుగా వెళ్తున్నారు. ఉన్న చోటికి ఒక్కసారి వెళ్లకూడదూ?”

“అక్కడ గాలి బావుంటుందే.”

“అయితే గాలి వేపుడు చేసి పెట్టనా?”

ఊళ్లో అసలైన మొనగాడు సెలూన్ ఆయన. వంతెన కింద గాలం వేసేవాడు. బుట్ట ఎప్పుడూ నిండుగా ఉండేది, నోరూ అంతే. గడ్డం గీస్తూ గీస్తూ చేప పొడవు చూపించడానికి రెండు చేతులూ చాపేవాడు. కత్తి చేతిలోనే ఉండేది కాబట్టి, ఆయన ఎంతంటే అంత ఒప్పేసుకునేవాళ్లం.

ఒకరోజు మావయ్య షాపులో ఓ వింత చూశాను. గాలం ముల్లుకి వెనక్కి తిరిగిన చిన్న మొన ఉంటుంది. చేపని జారిపోకుండా పట్టేది అదే. మావయ్య పట్టకారుతో దాన్ని నొక్కి చదును చేస్తున్నాడు.

“అదేంటి మావయ్యా, ఇంక చేప ఏం నిలుస్తుంది?”

“లేని చేపకి మొనెందుకురా?”

వాదన గట్టిదే.

ఇలా సాగిపోతుంటే రోడ్డు పని వచ్చిపడింది. ఏటి వంపులో గులకరాళ్లన్నీ తవ్వి రోడ్డుకి వాడాలనీ, గట్టుకి సిమెంటు వేయాలనీ ఇంజనీరు గారు ప్లాను గీశారు. అభ్యంతరాలుంటే చెప్పమని సభ పెట్టారు.

“ఊరంతా విచారించాం,” అన్నారు ఇంజనీరు గారు. “ఆ వంపులో చేపలు లేవు. కప్పలున్నాయి.”

నా పక్కనే కూర్చున్న మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. తన అబద్ధమే తిరిగొచ్చి పీక మీద కూర్చుంది. మెల్లగా లేచాడు.

“ఉన్నాయండీ. ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను. బోలెడున్నాయి. ఇంతింతవి!” అని రెండు చేతులూ చాపాడు.

హాలు గొల్లుమంది. పాపం, ఇన్నాళ్లకి చేపల గురించి నిజం చెబితే అది అచ్చం గాలంవాళ్ల కోతలాగే ఉంది! “మొత్తానికి ఖాళీబుట్ట గారు కూడా మన జట్టులో కలిశారు!” అని సెలూన్ ఆయన చప్పట్లు కొట్టాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మావయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నవ్వండి బాబూ. రేపు పొద్దున ఒక్కసారి వచ్చి చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం.”

మర్నాడు సగం ఊరు తమాషా చూడ్డానికి వచ్చింది. “ఏదీ, గాలం వేసి ఒకటి పట్టండి,” అన్నారు ఇంజనీరు గారు.

“వెయ్యను. కడుపుతో ఉన్నవాటికి ఎవరైనా గాలం వేస్తారా? బోర్లా పడుకుని చూడండి. నీడ పడితే పారిపోతాయి.”

ఇంజనీరు గారు తన ఇస్త్రీ చొక్కా వంక ఒకసారి దిగులుగా చూసుకుని, గట్టు మీద బోర్లా పడుకున్నారు. పక్కన సెలూన్ ఆయన, ఆ పక్కన నేను. ముందు రాళ్లే కనిపించాయి. కాసేపటికి ఆ రాళ్లలో కొన్ని కదిలాయి. నిండు పొట్టలతో చేపలు! తోకలతో గులకరాళ్లని ఊడ్చి, గుడ్లకి చోటు చేసుకుంటున్నాయి.

“అమ్మో,” అన్నారు ఇంజనీరు గారు, నిద్రపోతున్న పసిపిల్ల పక్కన మాట్లాడినట్టు.

“ఈ రాళ్ల సందుల్లోనే గుడ్లు పెడతాయండీ,” అన్నాడు మావయ్య. “పిల్లలు కాస్త ఎదిగాక వంతెన కిందికి దిగుతాయి.” సెలూన్ ఆయన వైపు తిరిగాడు. “నీ బుట్టలో పడేవన్నీ ఇక్కడి పిల్లలేనయ్యా.”

సెలూన్ ఆయన ఆ చేపల పొడవు చూపించడానికి చేతులు చాపడం కూడా మర్చిపోయాడు. అలాంటిది ఊళ్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

మామూలు రోజుల్లో మావయ్య పట్టిన ప్రతి చేపనీ, మొన లేని ముల్లు నుంచి గాయం కాకుండా తడిచేత్తో తీసి నీళ్లలో వదిలేసేవాడట. గుడ్ల కాలంలో గాలం ఊరికే భుజాన వేసుకెళ్లి కాపలా కూర్చునేవాడట. ఆయన బుట్ట ఖాళీగా ఉండబట్టే మా అందరి బుట్టలూ నిండాయి. అది తెలియక ఇన్నేళ్లూ ఆయన్నే చూసి నవ్వాం.

ఇంజనీరు గారు బురద చొక్కాతోనే లేచి, “రాళ్లు క్వారీ నుంచి తెప్పిస్తాం. గట్టు జోలికి రాం,” అన్నారు. సెలూన్ ఆయన కత్తి ఆడించినట్టు చెయ్యి ఊపాడు. “గుడ్ల కాలంలో ఇక్కడ గాలం వేసినవాడికి సగం మీసమే మిగులుతుంది, చెప్తున్నా!”

ఇంట్లో మాత్రం తుపాను రేగింది. “అంటే ఇన్నేళ్లూ పట్టి పట్టి వదిలేశారా? ఒక్కటి... ఒక్కటైనా తేవాలనిపించలేదా?” అంది అత్తయ్య. ఆవిడ విసురుగా లోపలికెళ్లి బంగాళదుంపలు తరిగింది. కానీ ఆ రోజు మొదటి ముద్ద ఆవిడే కలిపి ఆయన నోట్లో పెట్టింది.

ఇప్పుడు ఆదివారాలు గాలంవాళ్లంతా గట్టు వెంట తెగిన నైలాను దారాలు, సీసాలు ఏరుతున్నారు. ముళ్ల మొనలు నొక్కించుకోవడానికి మావయ్య షాపుకొస్తున్నారు. మొన్న అలా సెలూన్ ఆయన వచ్చి కూర్చున్నప్పుడు, కొత్త గాలంతో ఓ పరాయి ఊరాయన వచ్చి వంపు సంగతి అడిగాడు.

సెలూన్ ఆయన అందుకున్నాడు. “ఆ వంపులోనా? చేపలు, కప్పలు, నత్తలు, ఆఖరికి నాచు కూడా లేదండీ!”

వచ్చినాయన అనుమానంగా చూశాడు. మావయ్య మిషన్ మీంచి తల ఎత్తకుండానే అన్నాడు.

“మరీ అంత లేదులెండి. కప్పలున్నాయి.”

వచ్చినాయన వెంటనే నమ్మేసి వంతెన వైపు వెళ్లిపోయాడు.

“చూశావా?” అన్నాడు మావయ్య పట్టకారు అందుకుంటూ. “కోత కోసినా కాస్త కప్పని మిగల్చాలయ్యా!”