నర్సింలు సీసాకు దక్కని గింజ

బాన్సువాడ బస్టాండు ఎదురు సందులో నర్సింలు కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. బోర్డు మీద ‘సేల్స్ అండ్ సర్వీస్’ అని ఉంటుంది గానీ ఆయన ఇంతవరకు ఎవరికీ ఏదీ అమ్మిన పాపాన పోలేదు. సర్వీసు మాత్రం చేస్తాడు, తిట్టి మరీ చేస్తాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే “ఏం జేసినవ్ దీన్ని?” అంటాడు. ఏమైందని అడగడు. మనం ముట్టుకున్నాక బాగుండే వస్తువు లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం.

ఇంటర్ తప్పి రేడియోల పని నేర్చుకున్నాడు. పని చేతికొచ్చేసరికి రేడియోలు పోయాయి. డబ్బా టీవీలు నేర్చుకున్నాడు, అవీ పోయాయి. తర్వాత సీడీ ప్లేయర్లు, అవీ అంతే. “నేన్ నేర్సుకున్ననంటె ఆ వస్తువుకు నూకలు చెల్లినట్టే” అని ఆయనే చెప్పుకుని నవ్వుతాడు. మరి కంప్యూటర్లు ఇంకా ఎట్లా బతికున్నాయి అన్నా అని ఒకసారి అడిగాను. “ఇంక పూర్తిగ రాలే నాకు” అన్నాడు.

దుకాణంలో బల్ల మీద ఒక పాత పచ్చడి సీసా ఉంటుంది. జనం మిషన్లలోంచి ఆయన పీకిన సరుకంతా అందులోనే. ఎండిన బొద్దింక, ఎవరి పిల్లాడిదో పాలపన్ను, ప్రింటర్ మింగిన అగరబత్తి పుల్ల, ఒక గిల్టు ముక్కుపుల్ల. ఎవరెంత బతిమాలినా తిరిగి ఇవ్వడు. “మిషన్ల వడ్డది మిషనోనిది” అన్నది ఆయన రాజ్యాంగం. ఆ ముక్కుపుల్ల మా మేనత్తది. రెండేళ్లుగా ఆమె అడుగుతూనే ఉంది, ఈయన సీసా చూపించి పంపిస్తూనే ఉన్నాడు.

ఇక నా సంగతి. నా పేరు కృప. నస్రుల్లాబాద్ దగ్గర మా ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతుల పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించే పని నాది. ఈ యాసంగి పంటకు కంప్యూటర్ కూడా నాదే, ఎందుకంటే సెంటర్‌కు వచ్చిన ట్యాబ్ నా చేతిలోంచే జారి పగిలింది. నోరు మూసుకుని నా లాప్‌టాప్ తెచ్చుకున్నాను. ఎవరో వాడి వదిలేసింది, ఆటలాడే కుర్రాళ్ల కోసం చేసింది. మీటల కింద లైట్లు వెలుగుతాయి.

వారం రోజులు తెల్లగా, బుద్ధిగా వెలిగింది. తర్వాత దానికి పిచ్చి లేచింది. ఒకసారి ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి బరాత్ ముందు డీజే బండిలాగా అన్ని రంగులూ ఉరుకుతాయి. వెలిగితే వెలగనీ, నాదేం పోయిందని ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను.

మా దగ్గర పద్ధతి ఇది. రైతు గుప్పెడు వడ్లు తెస్తాడు. నేను పేరు ఎక్కించి, వడ్లు తేమ మిషన్‌లో పోస్తాను. పదిహేడు లోపు చూపిస్తే కాంట పెట్టి తూస్తారు, దాటితే మళ్లీ ఎండబెట్టుకోవాలి. బాలరాజ్ వడ్లకు పంతొమ్మిది వచ్చినప్పుడు కీబోర్డు ఎర్రగా ఉంది. మర్నాడు వెంకటనారాయణగారి వడ్లకు పదహారు వచ్చింది, అప్పుడు ఆకుపచ్చగా ఉంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. పొద్దుగూకే సరికి ఊరంతా ఖాయం చేసేసుకుంది: పచ్చలైటు వస్తే పాస్, ఎర్రలైటు వస్తే ఫెయిల్. తేమ మిషన్ ఉత్త అలంకారం!

“అది ఉత్త లైటు. దానికి వడ్లు తెల్వది, గడ్డి తెల్వది” అని గొంతు చించుకున్నాను. “కృపక్క లోపటి మాట మనకు జెప్తదా?” అని బాలరాజ్ అందరికీ ఎక్కించాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. ఇక చూడండి నా తిప్పలు! పేరు కొట్టగానే ఎరుపు కనబడితే చాలు, “నాది రేపు సూడు” అని వడ్లు జేబులో పోసుకుని పోతారు. వరుసలో ముందున్నవాడు వెనక్కి పోతాడు, వెనకున్నవాడు మూత్రానికి పోతాడు.

అందరికన్నా గట్టిగా నమ్మింది చిన్నవ్వ. అరవై దాటిన మనిషి, రెండెకరాలు కౌలుకు పట్టి ఒక్కతే చేసింది. తన వడ్లు తెచ్చిన మొదటిరోజు, లైటు ఇంకా తెల్లగానే ఉన్నప్పుడు, నా బల్ల మీదికి వంగి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికింది. సగం నోట్లో ఉంది, సగం ఎటో ఎగిరింది. “ఇన్నవా? కటుక్కుమన్నది. ఇంక మిషనెందుకు బిడ్డా?” అంది. మా దగ్గర పెద్దవాళ్లందరి తేమ మిషన్ పళ్లే. ఆ రోజు ఆమె వంతు రాకుండానే పొద్దుపోయింది. తర్వాత మూడుసార్లు వంతు వచ్చింది, మూడుసార్లూ ఎరుపే. మిషన్‌లో పోయనిస్తేనా! కొంగులో కట్టుకుని వెళ్లి, వడ్లన్నీ మళ్లీ రోడ్డు మీద పరిచింది. అట్లా పన్నెండు రోజులు.

పన్నెండో రోజు మధ్యాహ్నం పడమర మబ్బు పట్టింది. వడ్లు తడిస్తే మొలకలొస్తాయి, మొలకలొచ్చిన వడ్లను ఎవరూ ముట్టుకోరు. చిన్నవ్వ ఏడాది బతుకంతా ఆ కుప్పలో ఉంది. పోయి, వడ్లు మిషన్‌లో పోద్దాం రమ్మని చేతులు పట్టుకున్నాను. “పచ్చలైటు రానియ్ బిడ్డా, తెస్త” అంది. నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నర్సింలుకు ఫోన్ చేశాను.

అరగంటలో బండి మీద దిగాడు.

“ఏం జేసినవ్ దీన్ని?”

“ఏం జెయ్యలేదన్నా. ముందు ఈ రంగులు బంద్ చెయ్.”

“వడ్లు కొంటున్నవా చెల్లె, బోనాలు జేస్తున్నవా?”

లైట్ల ప్రోగ్రాం తెరిచి ‘ఒకే రంగు, తెలుపు’ అని పెట్టాడు. తెల్లగా నిలబడింది. “అయిపాయె” అని చేతులు దులుపుకున్నాడు. నేను తర్వాతి రైతు పేరు కొట్టగానే మళ్లీ ఎరుపు. ఆ ప్రోగ్రామునే పీకేశాడు. ఇంకో పేరు కొట్టాను, నీలం. ఆఫ్ చేసి, చార్జర్ తీసి, పవర్ మీట అరనిమిషం అదిమిపట్టాడు. ఏమీ లాభం లేదు. “జేసినోడే సక్కగ జెయ్యలే దీన్ని” అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనడం ఆయన్ను చూసే నేర్చుకోవాలి.

మళ్లీ ఆన్ చేశాడు. నర్సింలుకు ఆగే గుణం లేదు. మిషన్ లేచేదాకా స్పేస్ అనే ఆ పొడుగు మీటను టకటకా కొడుతూనే ఉంటాడు. తెర మీద ఇంకా కంపెనీ గుర్తు ఒక్కటే ఉంది. ఆయన కొట్టినప్పుడల్లా రంగు మారింది. కొడుతున్న చెయ్యి ఆగిపోయింది.

“చెల్లె, విండోస్ ఇంక లేవనే లేదు. గప్పుడే రంగు మారుతుందంటే తప్పు ప్రోగ్రాముది గాదు. మీటది.”

మూలన ఎఫ్ఎన్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని పట్టుకుని పొడుగు మీట కొడితే లైటు రంగు మారుతుంది. నా లాప్‌టాప్‌లో ఆ మూల మీట కిందికి దిగి, ఇరుక్కుని, తనంతట తానే నొక్కుకుని ఉంది. ఇంటిపేరుకూ పేరుకూ మధ్య నేను పొడుగు మీట కొట్టిన ప్రతిసారీ రంగు మారుతోంది. చిన్నవ్వకు మూడుసార్లు ఎరుపు తెప్పించింది నా బొటనవేలే!

నర్సింలు ఆ మీటను సుతారంగా లేపి, పట్టకారులాంటి చిమ్టాతో అంచున ఇరికినదొకటి బయటికి లాగాడు. సగం వడ్లగింజ. పంటి గాటు ఇంకా కనబడుతోంది. మీట మళ్లీ పెట్టి, రంగు తెలుపు చేసి, పదిసార్లు కొట్టి చూశాడు. తెలుపు తెలుపుగానే ఉంది.

కబురు విని చిన్నవ్వ ఉరికొచ్చింది. తెల్లలైటు చూసి కూలబడింది. “పచ్చది పాయెనా? ఇగ నా వడ్లు ఎవ్వలు గొంటరు?”

చెప్తే వినే రకం కాదు. ఆమె ఎడమచేతి వేలు పట్టుకుని మూల మీట మీద పెట్టాను, కుడిచేతి వేలు పొడుగు మీట మీద. “కొట్టవ్వా” అన్నాను. కొట్టింది, ఎరుపు. మళ్లీ కొట్టింది, ఆకుపచ్చ. నీలం. రంగులన్నీ. మళ్లీ ఎరుపు. ఆమె చాలాసేపు అట్లాగే కొడుతూ కూర్చుంది. తర్వాత లేచి, కొంగుముడి విప్పి వడ్లు నా ముందు పోసింది.

తేమ మిషన్ పన్నెండు చూపించింది.

“అప్పడాల లెక్క ఎండినయ్ గదనే అవ్వా!” అన్నాడు హమాలీ లోక్యా. పదిహేడు ఉన్నా తీసుకుంటాం. అంతకుమించి ఎండిందంతా తూకంలో పోయినట్టే. రెండు గంటల్లో కాంట అయింది. నూట ఇరవై సంచులు అనుకున్నది, నూట పదమూడు తేలాయి. మొదటిరోజు ఆమె పళ్లు చెప్పింది నిజం. ఏడు సంచుల బరువు ఎండ తాగేసింది, దాన్ని ఆ ఎండకు అప్పగించింది నా బల్ల మీది లైటు. ఆమె ముఖం చూడలేకపోయాను.

నర్సింలు ఆ సగం గింజను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, సీసా కోసం. చిన్నవ్వ చెయ్యి చాపింది.

“గది నాది. ఇటియ్యి.”

“మిషన్ల వడ్డది మిషనోనిదవ్వా.”

“నా ఏడు సంచులు గూడ ఆ మిషన్లనే వడ్డయి కొడకా. అయి గూడ నీ సీసల వోసుకుంటవా?”

నర్సింలు మెల్లగా కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“మా మేనత్త ముక్కుపుల్ల గూడ ఇస్తవా అన్నా?” అన్నాను.

“నువ్ నోర్మూస్కో” అన్నాడు.

చినుకులు మొదలయ్యాయి. హమాలీలు సంచుల మీదికి టార్పాలిన్ లాగుతున్నారు. చిన్నవ్వ ఆ సగం గింజను నా అరచేతిలో వేసి వేళ్లు మూసింది. “ఇది గూడ తూకంల వెయ్ బిడ్డా” అంది. ఆఖరి సంచి మూతి ఇంకా కుట్టలేదు. అందులో వేసి, కాంట మీద మళ్లీ పెట్టించాను.