ఓసారి మోగించి చూడరా

తొమ్మిదో తరగతికీ నాకూ రెండేళ్ళ పరిచయం. మూడో ఏడు అదే నన్ను వద్దంది. పాపం, మొహం మీదే చెప్పింది; ఆ మర్యాద విలువ అప్పుడు తెలియలేదు. నిన్న నరసాపురం రేవులో ఏరు దాటే పంటు ఎక్కుతుంటే ఎవరిదో పాత బటన్ల ఫోను గణగణా మోగింది. నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. అచ్చం మా నాగమణి గారి ఫోను మోత.

ఆవిడ రొయ్యల షెడ్డులో మా సూపర్‌వైజరు. నేను ఐసు దంచేవాణ్ణి. సీజను మొదలైతే ఏటి అవతలి నుంచి ఆడవాళ్ళు పని కోసం వచ్చేవారు. ఆవిడ తలా గుప్పెడు రొయ్యలిచ్చి, ఒలిపించి, అక్కడికక్కడే చెప్పేసేవారు. "నువ్వు రేపట్నుంచి రా. నీకు లేదమ్మా, టీ తాగి వెళ్ళు." ఏడ్చినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు.

"ఫోన్ చేస్తామని పంపెయ్యొచ్చు కదండీ, ఈ తిట్లెందుకు?" అన్నాను.

"అలా అంటే మన ఫోను కోసం కూర్చుని ఇంకో షెడ్డుకి వెళ్ళదురా. ఈలోగా అక్కడా నిండిపోతారు. తిట్టనీ. రోజూ నిన్నే భరిస్తున్నానుగా."

తర్వాత షెడ్డు చేతులు మారింది. కొత్తవాళ్ళు అందరినీ మళ్ళీ ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ఐసు దంచడానికి ఇంటర్వ్యూ ఏముంటుంది, నన్ను ఉంచేశారు. ఆవిడతో మాత్రం ఆఫీసు కుర్రాడు నవ్వుతూ, "మీ అనుభవం మాకు చాలా అవసరం మేడం, మేమే కాల్ చేస్తాం" అన్నాడట. అన్నీ తెలిసిన ఆవిడే ఆ మాట నమ్మారు. పక్క షెడ్డువాళ్ళు రమ్మంటే, "వీళ్ళకి మాటిచ్చానండి" అని పంపేశారు.

ఫోను ప్లాస్టిక్ కవరులో కట్టి, అంట్లు తోముకునే చోట కూడా పక్కనే పెట్టుకునేవారు. సాయంత్రం నేను వెళ్తే, "ఓసారి మోగించి చూడరా, పాడైందేమో" అనేవారు. మోగించేవాణ్ణి. మోగేది. ఎదురుగా ఉన్న నేనే చేస్తున్నానని తెలిసినా, ఆవిడ మొహం ఒక్క క్షణం వెలిగేది. ఆ గుమ్మంలో నా నోటికి జోకు రావడం మానేసింది.

చివరికి ఆఫీసులో అడిగాను. "ఆ పోస్టా? ఎప్పుడో ఇచ్చేశాం. సెలెక్టయినవాళ్ళకే చెప్తామండి" అన్నాడు కుర్రాడు, తలెత్తకుండా. అప్పటికి పక్క షెడ్డూ నిండిపోయింది.

ఆవిడ మళ్ళీ ఏ షెడ్డు గడపా తొక్కలేదు. ఇప్పుడు అసలు లేరు. ఐసు పనికి మనుషుల్ని చూసేది నేనే. లేదంటే లేదని, వాళ్ళ తిరుగు పంటు కదలకముందే చెప్పేస్తాను. చెప్పిన ప్రతిసారీ ఆవిడకి చెప్పిన సాయంత్రం గుర్తొస్తుంది. వాళ్ళింటి గుమ్మంలో కూర్చుని, "మీకు లేదండి. వేరేవాళ్ళని పెట్టుకున్నారు" అన్నాను. ఆవిడ ఫోను కవరు ముడి విప్పారు. తర్వాత అన్నారు:

"ఈ ముక్క చెప్పడానికి తొమ్మిది తప్పినోడే దొరికాడా వాళ్ళకి?"