కాన్పుల గదిలో రెండో నర్సు

మా ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మొదటిది అందలేదన్నారు. రెండోది పైకి పంపామన్నారు. మూడోదాని సంగతి అడగడానికి వెళితే ఆసుపత్రి ఆఫీసు గుమాస్తా తలెత్తకుండానే, "ఆ మగ నర్సు మీరేగా" అన్నాడు. ఆ మాట నాకు గుర్తుంది. ఎదురుగా ఖాళీ కుర్చీ ఉన్నా గంటసేపు నిలబెట్టిన సంగతీ గుర్తుంది.

అవును, నేను మగ నర్సునే. వార్డుల్లో అందరూ బ్రదర్ అంటారు. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో పరిశోధనకు నేను తీసుకున్న విషయం ఇది: కాన్పుల గదిలో పనిచేసే నర్సులకు ఉద్యోగం మీద తృప్తి ఎంత, దాని వల్ల బాలింతలకు జరిగే మేలెంత, కీడెంత. ఆడవాళ్ల గదిలో నీకేం పనని తోటివాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మా ఊళ్లో మిరప కోతలప్పుడు నిండు గర్భిణులు చేలోంచి నేరుగా ఆసుపత్రికి వస్తారు. నొప్పులకు వాళ్లు చెయ్యి పట్టుకుంటే ఆ మిరప మంట సిస్టర్ల చేతులకూ అంటుకుంటుంది. అలాంటి రోజుల్లోనే నా ప్రశ్నపత్రాలు పంచాను. హెడ్ సిస్టర్ వాటిని తనే వసూలు చేసి, కట్టకట్టి ఇచ్చారు. అందరూ 'చాలా తృప్తి' దగ్గరే టిక్కు పెట్టారు. నేను నమ్మేశాను.

బాలింతల పరిశీలన పత్రాలు తిరగేసినప్పుడు అనుమానం వచ్చింది. కాన్పయ్యాక రెండు గంటలపాటు పావుగంటకోసారి నాడి, బీపీ, రక్తస్రావం చూసి రాయాలి. తల్లి ప్రాణానికి గండం ఎక్కువగా ఆ గంటల్లోనే. ఆ పత్రాల్లో ఎనిమిది గళ్లూ ఒకే చేత్తో, ఒకే ఊపులో, ఒకే అంకెతో నిండి ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టర్‌ని అడిగాను. మూడు కాన్పు బల్లలూ నిండి ఉన్నాయి, ఆవిడ ఒక్కతే.

"ఇక్కడ బిడ్డ తల బయటికొస్తా ఉంటే, అక్కడికెళ్లి బీపీ ఎట్టా చూడమంటావు బ్రదర్? రాయకపోతే మెమో. రాస్తే అబద్ధం."

"మరి తృప్తిగా ఉందని టిక్కెందుకు పెట్టారు సిస్టర్?"

"నీ కాగితాలు తీసుకెళ్లి హెడ్ సిస్టర్ చేతిలో పెట్టావుగా. మాకు ఆ మాత్రం తెలివి లేదనుకున్నావా?"

ఇంతలో తెర అవతలి నుంచి ఒక అత్తగారు, కోడలు పలకడం లేదని పిలిచింది. వెళ్లి చూస్తే పక్కంతా రక్తం. సిస్టర్ గర్భసంచిని మర్దన చేస్తూ ఇంజక్షన్ అడిగింది. నేను ఇంజక్షన్ అందించి, సెలైన్ పెట్టి, డాక్టరమ్మను పిలిపించాను. ఆ పిల్ల బతికింది. ఆమె పత్రంలో అంతకుముందు బీపీ, నాడి చూడక ఖాళీగా మిగిలిన గళ్లు మూడున్నాయి. సిస్టర్ వాటిని నింపలేదు.

"ఇవాళ ఖాళీగానే ఉంచుతా. ఏం చేస్తారో చెయ్యనీ" అంది.

మెమో వచ్చింది.

నేను హెడ్ సిస్టర్ ఇచ్చిన ఆ పాత కట్టను పక్కన పడేసి, తాళమున్న పెట్టెను నర్సులు బట్టలు మార్చుకునే గదిలో పెట్టించి, పేరు రాయకుండా అందులో వేయమని కొత్త ప్రశ్నపత్రాలు పంచాను. ఈసారి నిజాలు రాశారు. జీతం గురించి అడిగిన వాళ్లు తక్కువ. షిఫ్టుకు ఇంకో మనిషి ఉంటే చాలని రాసినవాళ్లే ఎక్కువ. రిపోర్టు పట్టుకెళ్లి ఇస్తే సూపరింటెండెంట్ గారు దాని మీద టీ గ్లాసు పెట్టారు. అట్ట మీద ఆ మరక పడటం నా కళ్లతో చూశాను.

ఆ తర్వాత రాసిన మూడు ఉత్తరాలతో నేను రాయడం మానేస్తానని అనుకుంటున్నట్టున్నారు. మానను. ఇది నాలుగో ఉత్తరం, అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. అయ్యా సూపరింటెండెంట్ గారూ, కాన్పుల గదిలో ప్రతి షిఫ్టుకూ రెండో నర్సును వేస్తారా, వేయరా? చూడనిది చూశానని రాయనందుకు ఆ సిస్టర్‌కు ఇచ్చిన మెమో వెనక్కి తీసుకుంటారా, తీసుకోరా? వీలు కాదంటే వీలు కాదనే రాయండి. కింద మీ సంతకం పెట్టి జవాబివ్వండి.