దెనెమాజి కుక్కకు గొలుసు పడిన వేసవి

షారీ నది ఒడ్డున మా ఊళ్లో దెనెమాజి కాచే జొన్నకల్లు తాగని మగవాడు లేడు. తాగాక తనంతట తాను ఇల్లు చేరినవాడూ లేడు. చేర్చేది ఆవిడ కుక్క. దాని పేరు ‘మీకెందుకు’. మా వైపు ఇరుగుపొరుగుతో అనాలనుకున్న మాటను కుక్కకు పేరుగా పెట్టి, రోజంతా గట్టిగా పిలుచుకుంటాం. మొగుడు పోయాక ఒంటరిగా కల్లు అమ్ముకునే మనిషికి ఊరితో అనడానికి అంతకన్నా ఏముంటుంది?

సంతరోజు మధ్యాహ్నం ఎవరు తాగిన సొరబుర్ర బోర్లిస్తే కుక్క వాళ్ల ముందుకొచ్చి నిలబడేది. గట్టు మీద తూలినవాణ్ణి చొక్కా పట్టి లాగేది. గుమ్మంలో వదిలి, తిరిగొచ్చి గుప్పెడు జొన్నపిప్పి తినేది. ఆ ధైర్యంతోనే అందరం ఇంకో బుర్ర అడిగేవాళ్లం. ముందు తాగినవన్నీ జొన్నలకీ కట్టెలకీ సరి. ఆ ‘ఇంకో బుర్ర’ మీదే ఆవిడ బతుకు.

ఎండలు ముదిరాక కుక్క ముంగాలి మీద పొక్కు చిట్లి, తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టింది. నారికురుపు. ఊళ్లో ఆ రోగం మీద కాపలాకు ఆరోగ్యశాఖ పెట్టిన నెకార్ గొలుసు పట్టుకుని పరుగున వచ్చాడు.

“పురుగులన్నీ బయటికొచ్చేదాకా కట్టేసుంచక్కా. కుక్క చెరువులో దిగిందంటే పురుగు అక్కడే పిల్లల్ని వదులుతుంది. ఆ నీళ్లే మనం తాగేది. వచ్చే ఏడు మన కాళ్లలోంచే లాక్కోవాలి.”

“మరి దాని తిండీ?”

“నువ్వు పెట్టేదేగా! గొలుసు మాదే. నీకు పైసా ఖర్చు లేదు.”

ఆవిడ కట్టేసింది. మరుసటి సంతకు ఒక్క బుర్రతోనే అందరం లేచాం. అందరికన్నా ముందు లేచింది నెకార్. వాడి ఇల్లు ఊరి చివర, ఎండిన వాగు దాటి. సగం కుండ మిగిలి పులిసిపోయింది. ఇంకో సంత ఇలాగే పోతే మొలకకు నానబోయడానికి జొన్నలుండవు. కుక్క గొలుసు వైపు ఆవిడ చూసిన చూపు చూసి, విప్పేస్తుందేమోనని నాకు భయం వేసింది.

విప్పలేదు. ఆ తర్వాతి సంతకు గొలుసు కొస చేత పట్టుకుంది.

“తాగండి! నేనే దింపుతా.”

తాగాం. కుక్క ముందు, ఆవిడ వెనక, ఒకరి చొక్కా ఒకరం పట్టుకుని మేం. చెరువు పక్కకు పోకుండా ఊరంతా చుట్టి నడిపించింది. నేను బడిపంతుల్ని. నా పిల్లలు గోడెక్కి చప్పట్లు కొట్టారు. గుమ్మంలో మా ఆవిడ, “దెనెమాజీ, ఇందులో మా ఇంటిదేది? మెడలో గొలుసున్నదా, లేనిదా?” అంది.

“మాస్టార్ని దించుకో వదినా, కరవడు,” అందావిడ.

చివర మిగిలింది నెకార్. వాడి గుమ్మం చేరేసరికి ఆవిడ కాళ్లు బొబ్బలెక్కాయి. ఇక్కడ వీణ్ణి దింపుతుంటే అక్కడ కుండ దగ్గర అమ్మేవాళ్లు లేరు.

“ఖర్చు లేదన్నావుగా తమ్ముడూ? ఈ కాళ్లెవరివి? గొలుసు మీదైతే పట్టుకోవడమూ మీదే. వచ్చే సంత నుంచి నువ్వు నడిపించు.”

“నేనా? మరి నేను తాగొద్దా?”

“తాగితే నిన్నెవరు దింపుతారు?”

వాడి భార్య లోపల్నుంచి, “బంగారంలాంటి మాట!” అంది.

అప్పట్నుంచి ప్రతి సంతకూ కుండ అడుగంటింది. నెకార్ మంచినీళ్లు తాగి, గొలుసు పట్టుకుని మమ్మల్ని దింపాడు. రోజూ పొద్దున్నే వెళ్లి ఆ కుక్క కాలు ఒళ్లో పెట్టుకుని, పురుగు ఇంకెంత మిగిలిందోనని గుటకలు మింగుతూ చూసేవాడు.